ఆఫర్ లెటర్ వచ్చాక కూడా వెంట ఉండండి

మా విజయనగరంలో కోచింగ్ అనగానే బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ గుర్తొస్తాయి. వంద మందికి ఒకే పాఠం. నేను చేసే కెరీర్ కోచింగ్ అది కాదు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న ఒక్కరి పక్కన కూర్చుని, తగిన పని వెతికి, అందులో కుదురుకునేదాకా తోడుండడం. ఆటిజం (ఇతరులతో మాటామంతీ, చప్పుడు, వెలుతురు వంటివి వేరుగా అనుభవమయ్యే తీరు), డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి), ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే స్థితి) ఉన్న విద్యార్థులతో ఎనిమిదేళ్లుగా ఇదే నా పని. ఓపిక ఉంటే అక్కయ్యైనా, కాలేజీ మాస్టారైనా చేయగలరు.

మొదటిరోజు "నీ గురించి చెప్పు" అని అడగకండి. గణాంకశాస్త్రం చదివిన ఒక అబ్బాయిని నేను అలాగే అడిగాను. బల్ల అంచు చూస్తూ ఉండిపోయాడు. "ఇంట్లో బాగానే మాట్లాడతాడు మేడమ్" అని వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. మరుసటి వారం ఏమీ అడగకుండా, మా వీధి కిరాణా దుకాణం నెల లెక్కలు అతని ముందు పెట్టాను. కాసేపటికే కూడికలో రెండు తప్పులు, రెండుసార్లు రాసిన ఒక బిల్లు చూపించాడు. ఆ తప్పులు ఎలా జరిగి ఉంటాయో అరగంట వివరించాడు. మాట రాక కాదు, ఆ ప్రశ్నకు మొదలెక్కడో తెలియక ఆగిపోయాడు.

అందుకే ముందు మూడు వారాలు ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఏ పనిలో పొద్దు తెలియలేదు, ఏ చప్పుడుకు, ఏ వాసనకు, ఏ వెలుతురుకు తల బరువెక్కింది, ఎంతసేపటికి విరామం కావలసి వచ్చింది. రోజుకు రెండు వాక్యాలు చాలు. రాయడం కష్టమైతే ఫోనులో మాట రికార్డు చేయమనండి. ఉద్యోగాన్ని ఈ పుస్తకంతో పోల్చి ఎంచుకోవాలి. పైడిభీమవరం మందుల కంపెనీల్లో రికార్డులు సరిచూసే పని నచ్చవచ్చు, కానీ మారే షిఫ్టులకు నిద్ర తట్టుకుంటుందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

ప్రకటనల్లో "మంచి కమ్యూనికేషన్ ఉండాలి" అన్న మాట చూసి చాలామంది దరఖాస్తే పెట్టరు. ఆ సంస్థకు ఫోను చేసి, రోజులో ఎవరితో, ఏ భాషలో, రాతలోనా మాటలోనా అని అడగండి. డిస్లెక్సియా ఉన్న ఒక అమ్మాయి వదిలేసిన ఉద్యోగంలో, తీరా కనుక్కుంటే, పనంతా ఖాతాదారులతో తెలుగులో మాట్లాడడమే. అది ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

ఇంటర్వ్యూకు కళ్లలోకి చూడడం నేర్పించేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. చూపు నిలపడానికే శక్తంతా ఖర్చయితే జవాబుకు ఏం మిగులుతుంది? దాని బదులు ముందుగా ఒక ఉత్తరం పంపించండి: "నాకు ఆటిజం ఉంది. ప్రశ్నలు ఒక్కొక్కటిగా, వీలైతే కాగితం మీద ఇస్తే బాగా జవాబు చెప్పగలను. బృంద చర్చకు బదులు చిన్న పని ఇచ్చి చూడగలరా?" చెప్పాలా వద్దా అన్నది మాత్రం విద్యార్థి నిర్ణయమే. మీరు, తల్లిదండ్రులు తొందరపెట్టకూడదు.

వైకల్య ధ్రువపత్రం సంగతి చివరి ఏడాది మొదట్లోనే చూడండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు లేదు. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ధ్రువీకరిస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ పరిధిలోకి వస్తారు. అందులో 1 శాతం ఆటిజం, అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటికి ఉమ్మడిగా ఉంది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టమే చెబుతోంది. దరఖాస్తుకు ముందు ఆ విధానం కాగితం అడిగి చదవండి.

ఇక నేను ఆలస్యంగా నేర్చుకున్నది. లెక్కల్లో తప్పులు పట్టిన ఆ అబ్బాయికి విశాఖలో ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పంచాం. నా పని అయిపోయిందనుకున్నాను. తొమ్మిదో రోజు మానేశాడు. అక్కడ రోజూ కుర్చీ మారుతుంది. పని నోటిమాటగా ముగ్గురు చెబుతారు. ఎవరి మాట ముందు వినాలో అతనికెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

రెండో ఉద్యోగానికి వేరేగా చేశాం. చేరకముందే, పనిదినాన ఉదయం రైల్లో విశాఖకు ఇద్దరం కలిసి వెళ్లాం. అరవై కిలోమీటర్ల దూరం, విపరీతమైన రద్దీ. ఏ పెట్టెలో నిలబడే చోటుంటుందో, దిగాక ఏ బస్సో రాసుకున్నాడు. మరుసటి రోజు ఒక్కడే వెళ్లివచ్చాడు. పై అధికారిని అడిగి ఒక పేజీ రాయించుకున్నాం: కూర్చునే చోటు, భోజన సమయం, సందేహం వస్తే అడగవలసిన ఒక్క మనిషి, ఏ రోజుకారోజు పనిని మెసేజ్‌లో పంపే ఏర్పాటు. అధికారి విసుగుపడలేదు. మిగతా ఉద్యోగులకూ అదే పద్ధతి పెట్టారట.

మొదటి మూడు నెలలు ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోను చేయండి. "ఎలా ఉంది?" అనకండి. "ఈ వారం ఏ పని రెండుసార్లు చేయవలసి వచ్చింది? మధ్యాహ్నం ఎక్కడ తిన్నావు?" అని అడగండి. వాటికి జవాబులు వస్తాయి. ఆ అబ్బాయికి వచ్చాయి. ఇప్పుడు శుక్రవారం ఆరు గంటలకు అతనే నాకు ఫోను చేస్తున్నాడు.