చలికాలంలో పాలమూరు చుట్టూ మూడు రోజులు: ఇంటిల్లిపాదీ కారులో వెళ్లాలంటే

డిసెంబరు చివర్లో మహబూబ్‌నగర్ వైపు పొద్దు పొడిచేసరికి ఆరూ నలభై అవుతుంది. సాయంత్రం ఆరు కొట్టకముందే గూకుతుంది. కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఊర్లలో కొన్ని రోజులు ఎనిమిదింటిదాకా పొగమంచు వీడదు. పిల్లలనూ పెద్దవాళ్లనూ ఎక్కించుకొని నిబ్బరంగా బండి నడిపే సమయం రోజుకు తొమ్మిది గంటలకు మించదు. అందుకని మ్యాపులో దూరాలు చూసి మురిసిపోకుండా, వెలుతురు ఎంతసేపు ఉంటుందో చూసి లెక్క వేసుకోవాలి. రోజుకు రెండు చోట్లు చాలు. మూడోది పెట్టుకుంటే అది చీకట్లోనే పడుతుంది.

చీకటి పడ్డాక ఈ తొవ్వల మీద ఎందుకు వద్దంటే, వడ్ల కోసం. వానాకాలం పంట కోశాక రైతులు తారు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. రాత్రి కుప్పచేసి, బరకాలు కప్పి, చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్ల బరకం, నల్ల రోడ్డు, ఎదురుగా వచ్చే బండి లైటు కళ్లలో పడితే ఆ రాయి అసలు కనబడదు. పగలైనా వడ్ల మీద బ్రేకు గట్టిగా వేస్తే చక్రం జారుతుంది. ముందే వేగం తగ్గించి, స్టీరింగ్ తిప్పకుండా నెమ్మదిగా దాటాలి. గడ్డి పరిచిన చోట ఆగవద్దు. వేడి సైలెన్సరుకు గడ్డి తగిలితే అంటుకుంటుంది. వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రెండు పక్కలా ఉబ్బిన పత్తి బండ్లు కూడా ఈ కాలంలోనే ఎక్కువ.

తారీఖులు చూసుకునేటప్పుడు సరిగ్గా సంక్రాంతి రోజులు వదిలేయండి. అప్పుడే సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర మొదలవుతుంది. కొల్లాపూర్ రోడ్డు నిండిపోతుంది, గది దొరకదు. డిసెంబరు రెండో సగం గానీ, జాతర సద్దుమణిగాక వచ్చే శని, ఆదివారాలకు ఒక రోజు సెలవు కలుపుకొని గానీ మంచిది.

బయల్దేరే ముందు రోజు బండి చూసుకోండి. టైర్ల గాలి పొద్దున్నే, బండి నడవకముందు పట్టించాలి. పది డిగ్రీలు చల్లబడితే ఒకటిన్నర పిఎస్ఐ దాకా తగ్గుతుంది. బండి నిండా ఏడుగురు, సామాను ఉన్నప్పుడు ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద వేరే అంకె ఉంటుంది. మామూలు రోజుల అంకె పట్టుకుంటే పొరపాటే. స్టెప్నీకి కూడా గాలి పెట్టించండి. బ్యాటరీ నాలుగేళ్లు దాటితే ఊర్లోనే చూపించుకోవడం మేలు, చలి పొద్దుల్లోనే అది మొరాయించేది. మంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే కనబడుతుంది, డిమ్ లైట్లతోనే వెళ్లాలి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లు వేయవద్దు. అద్దానికి లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడిచి లాభం లేదు, ఏడుగురి ఊపిరి అది. లోపలి గాలినే తిప్పే బటన్ ఆపి, ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి మళ్లిస్తే కాసేపట్లో పోతుంది.

మొత్తం తొవ్వ ఇంచుమించు 500 కిలోమీటర్లు. లీటరుకు పదిహేను ఇచ్చే బండికి 35 లీటర్లు ఉంచుకోండి.

మొదటి రోజు తొందరపడవద్దు. మంచు విడిచాక తొమ్మిదింటికి మహబూబ్‌నగర్ నుంచి బయల్దేరి దేవరకద్ర, ఆత్మకూరు మీదుగా జూరాల ప్రాజెక్టు చేరుకుంటే పదకొండున్నర అవుతుంది. మధ్యాహ్నం తిండి అక్కడే: కృష్ణ చేపను మసాలా పట్టించి మన ముందే నూనెలో వేయించి ఇస్తారు. తూకం వేసేటప్పుడు దగ్గరుండండి, ధర ముందే అడగండి, చిన్న పిల్లలకు ముల్లు తక్కువున్న చేప కావాలని చెప్పండి. చేప తినని పెద్దవాళ్లకు ఇంటి నుంచి సద్ది కట్టుకోవాలి. పులిహోర సాయంత్రందాకా నిలుస్తుంది. సకినాలు, జొన్నరొట్టె, కారప్పొడి మూడు రోజులకూ పనికొస్తాయి.

అక్కడి నుంచి గద్వాల దగ్గరే. కోట, లోపలి చెన్నకేశవస్వామి గుడి గంటలో చూడొచ్చు. చీరల సంగతి వేరు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయడం గద్వాల పద్ధతి. కొనేటప్పుడు అంచు కలిసిన చోట వెనక్కి తిప్పి చూడండి, పోగులు గట్టిగా పెనవేసుకొని ఉండాలి. దుకాణానికి అరగంట అని రాసుకున్న ఇంటాయన ప్లాను అక్కడే చెడుతుంది. రెండు గంటలు రాసుకోండి, రాత్రికి గద్వాలలోనే గది తీసుకోండి.

రెండో రోజు పొద్దున ఎర్రవల్లి చౌరస్తాలో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, అలంపూర్ చౌరస్తా దగ్గర దిగి లోపలికి వెళ్లాలి. జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. ఇప్పటి గుడి 2005లో తిరిగి కట్టింది. పక్కనే బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరు బ్రహ్మదే అయినా లోపలున్నవి శివలింగాలు. నిత్యపూజలు జరిగేది బాలబ్రహ్మేశ్వరుడికి. అన్నీ ఒకే తీరుగా చూస్తే పిల్లలు విసుక్కుంటారు. విశ్వబ్రహ్మ, స్వర్గబ్రహ్మ ఆలయాల గోడల మీది శిల్పాల దగ్గర నిలబడండి, మిగతావి నడుస్తూ చూడొచ్చు. శ్రీశైలం ముంపు నుంచి తప్పించి తెచ్చి కట్టిన పాపనాశి గుళ్లు కొంచెం అవతల ఉంటాయి. మధ్యాహ్నం గర్భగుడి తలుపులు కాసేపు మూస్తారు, కాబట్టి పదకొండున్నరలోపు దర్శనం ముగించాలి.

తిరిగి హైవే ఎక్కి పెబ్బేరు దగ్గర మళ్లి వీపనగండ్ల మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి పది కిలోమీటర్లకు సోమశిల. మూడున్నరకల్లా చేరితే వెలుతురు ఉండగానే పడవ ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్ పిల్లల సైజుది అడిగి తీసుకోండి, పెద్దది వేస్తే నీళ్లలో మెడ మీది నుంచి జారిపోతుంది. ఇక్కడ చాలామంది రెండు సంగతుల్లో నిరాశపడతారు. ఒకటి సంగమేశ్వరం: శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, చలికాలంలో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం ఆ గుడి నీటి అడుగునే ఉంటుంది. అది బయటపడేది వేసవి వైపు నీళ్లు తగ్గాకే. రెండోది శ్రీశైలం లాంచీ: వినడానికి బాగుంటుంది గానీ రోజంతా పడుతుంది, మీ కారు సోమశిలలోనే ఉండిపోతుంది. డ్రైవరు వేరే ఉంటేనే ఆ ఆలోచన పెట్టుకోండి. రాత్రి బస సోమశిలలోనే, గది ముందే బుక్ చేసుకొని.

మూడో రోజు నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట. అక్కడ ట్యాంకు నింపండి, ఇంటికి ఫోను చేసి చెప్పండి, అడవిలోకి వెళ్లాక సిగ్నలు ఉండదు. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేస్తారు, ఎవరి పలుకుబడీ పనిచేయదు. ప్లాస్టిక్ సీసాలకు బదులు స్టీలు డబ్బాల్లో నీళ్లు తీసుకెళ్లండి. కోతులకు ఏమీ వేయవద్దు, బండి ఆగగానే కిటికీలోకి చేయి పెడతాయి.

ఇక్కడ ఫరహాబాద్ సఫారీ, మల్లెలతీర్థం రెండింట్లో ఒకటే ఎంచుకోండి. సఫారీకి అటవీశాఖ బండిలోనే వెళ్లాలి, సొంత కారు రానివ్వరు. మల్లెలతీర్థం వటవర్లపల్లి దగ్గర లోపలికి మళ్లితే వస్తుంది. సుమారు 350 మెట్లు దిగాలి. దిగడం సులువే, ఎక్కేటప్పుడే మోకాళ్లు తెలుస్తాయి. అమ్మమ్మ, నానమ్మలను పైనే కూర్చోబెట్టి ఒకరు తోడుండాలి. జనవరి గడిచేకొద్దీ ధార సన్నబడుతుంది, బండలు మాత్రం పాకుడు పట్టే ఉంటాయి. రెండూ చూడాల్సిందే అంటే మూడో రాత్రి మన్ననూరులో పడుకోవాలి. లేకుంటే మూడింటికల్లా మన్ననూరు దాటి కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా వస్తే ఆరింటికి అటూఇటుగా ఇంట్లో ఉంటారు. శ్రీశైలం దర్శనం ఇందులో ఇరికించవద్దు. ఆ క్యూకు పూట పట్టినా పడుతుంది.

నల్లగొండ వాళ్లు ఇదే తొవ్వను అటు నుంచి మొదలుపెట్టొచ్చు: హాలియా, నాగార్జునసాగర్, కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, మన్ననూరు. సాగర్ చేరే రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి. నాగార్జునకొండ మ్యూజియానికి ఆ రోజు సెలవు. కొండకు వెళ్లే లాంచీ పొద్దుటిదే పట్టుకోవాలి, మధ్యాహ్నం దాటితే తిరుగు లాంచీ చిక్కు. గేట్ల నుంచి నీళ్లు దూకడం చూద్దామని పిల్లలకు ఆశపెట్టవద్దు, ఈ కాలంలో అవి మూసే ఉంటాయి.