బడిలో బొమ్మలు గీసే గదిలో సామాన్లు నిలవడం లేదా? సమస్య - పరిష్కారం

ప్రాథమిక పాఠశాలలో రంగులూ కుంచెలూ వాడకంతో అరిగేది తక్కువ. క్లాసు చివరి ఐదు నిమిషాల్లో, గంట కొట్టేస్తుందన్న హడావిడిలో పాడయ్యేదే ఎక్కువ.

కుంచె వెంట్రుకలు రాలుతున్నాయి

వెంట్రుకల్నీ పిడినీ కలిపే రేకు దగ్గర పట్టి చూడండి. పిడి మీద రంగు పెచ్చులూడి, రేకు వదులుగా తిరుగుతుంటే లోపలికి నీళ్ళు దిగినట్టే. కడిగిన కుంచెని తడి మీదే గ్లాసులో కుచ్చు పైకి పెట్టి నిలబెడతాం. ఆ తడి రేకులోకి జారుతుంది, కర్ర ఉబ్బుతుంది, ఎండాక ముడుచుకుంటుంది. నాలుగుసార్లు అలా అయితే పట్టు వదిలేస్తుంది.

సబ్బుతో కడిగి, వేళ్ళతో కొన సరిచేసి, పాత తువ్వాలు మీద పడుకోబెట్టండి. బాగా ఆరాకే గ్లాసులో పెట్టండి. రాత్రంతా నీళ్ళలో ఉండి కొన వంగిన నైలాన్ కుంచెని వేడినీళ్ళలో కొన్ని క్షణాలు ముంచి, కాగితం చుట్టి ఆరబెడితే చాలావరకు తిన్నగా అవుతుంది. వేడినీళ్ళ పని మాత్రం టీచరే చెయ్యాలి.

పోస్టర్ రంగు సీసా మూత రావడం లేదు

మూతి అంచున రంగు ఎండి బిగుసుకుంది. గోరువెచ్చని నీళ్ళలో తలకిందులుగా కాసేపు ఉంచితే వస్తుంది. ఇకమీదట తడిగుడ్డతో అంచు తుడిచి, మూత బిగిసే మరల మీద కాస్త వాజలిన్ రాసి మూయండి. సీసా పిల్లలకివ్వకుండా చెంచాడు రంగు పళ్ళెంలో వెయ్యండి. రంగు కుళ్ళు వాసన వస్తే పారేయడమే.

క్రేయాన్లు అతుక్కుపోయాయి, చార్టులకు చెదలు పట్టాయి

క్రేయాన్ అంటే మైనమే. రేకుల గదిలో ఏప్రిల్ ఎండకి మెత్తబడుతుంది. సెలవులకు ముందే కిటికీ పక్కనుంచి తీసి చల్లటి గదికి మార్చండి. మధ్యాహ్న భోజనం గుడ్లొచ్చే అట్ట ట్రేకి 30 గుంటలుంటాయి. పగుళ్ళు, మరకలు లేని ట్రే చూసి, గుంటకో రంగు ముక్కలు వేస్తే పిల్లలకి వెతుకులాట ఉండదు. చార్టుల్ని చుట్టి మూలన నిలబెట్టకండి. గోడకి జానెడు ఎడంగా, బల్ల మీద పరిచి పెట్టండి.

కత్తెరలు తగ్గిపోతున్నాయి

దొంగతనం అనుకోకండి. ఎక్కడ పెట్టాలో పిల్లలకి తెలియకపోవడమే కారణం. ఒకటో తరగతి పిల్ల డబ్బా మీద రాసిన ‘కత్తెరలు’ చదవలేదు. అలా పేర్లు రాసే బదులు క్రేయాన్ల డబ్బాకి నిజం క్రేయాన్ ముక్క, బొత్తాల డబ్బాకి నిజం బొత్తాం అంటించండి. గూడు ఆ పిల్ల భుజం ఎత్తు దాటకూడదు. మొనలు గుండ్రంగా ఉన్న 20 కత్తెరలకి మందపాటి చెక్కదిమ్మలో 20 కన్నాలు వేయించండి. మొన కిందికి గుచ్చితే, ఖాళీ కన్నం గుమ్మంలోంచే కనిపిస్తుంది. లెక్కపెట్టే పని ఒక పిల్లకి వారం చొప్పున అప్పగించండి. ‘టీచర్, ఇంకోటి రావాలండీ’ అని ఆ పిల్లే గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది.