డెర్వెంట్ జలాశయాలకు ప్రదక్షిణ: ఫెయిర్‌హోమ్స్ నుంచి 16 కిలోమీటర్ల చుట్టు నడక

ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో డెర్వెంట్ నది మీద వరసగా మూడు జలాశయాలున్నాయి. పై నుంచి కిందికి హౌడెన్, డెర్వెంట్, లేడీబవర్. పైన ఉన్న రెండింటినీ చుట్టి వచ్చే దారి సుమారు 16 కిలోమీటర్లు. పెద్ద ఎక్కుడు ఎక్కడా లేదు, దారి తప్పడమూ కష్టమే. అయినా ఈ నడకలో ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు. కారణం ఒక్కటే: మధ్యలో నీళ్లు దాటే చోటు లేదు. డెర్వెంట్ ఆనకట్ట కింద ఒక దారి అవతలి గట్టుకు పోతుంది. అది దాటాక మళ్లీ అవతలికి చేరాలంటే పైన, నది సన్నబడే స్లిప్పరీ స్టోన్స్ దాకా వెళ్లాల్సిందే. ఆనకట్టల పైన నడవనివ్వరు. మ్యాపులో రెండు గట్లనూ కలుపుతూ గీతలా కనిపిస్తాయి కాబట్టి అడ్డదారి ఉందనుకుని బయల్దేరేవాళ్లు చాలామంది.

వెళ్లడం: షెఫీల్డ్ వైపు నుంచి ఏ57 రోడ్డు మీద వస్తే, లేడీబవర్ మీదున్న ఆషాప్టన్ వంతెన దాటగానే కుడికి తిరగాలి. ఆ వంతెన కిందే ఆషాప్టన్ అనే ఊరు మునిగి ఉంది. మాంచెస్టర్ వైపు నుంచి స్నేక్ పాస్ అనే కొండదారి మీదుగా వచ్చేవాళ్లకు వంతెన రాకముందే ఎడమ మలుపు. మంచు కురిస్తే స్నేక్ పాస్ మూసేస్తారు, పొద్దున్నే చూసుకోండి. మలుపు నుంచి, నడక మొదలయ్యే ఫెయిర్‌హోమ్స్ దాదాపు 4 కి.మీ. కారు పార్కింగ్‌కు డబ్బు కట్టాలి, ఎండ కాసిన ఆదివారం పది లోపే నిండిపోతుంది. రైల్లో వచ్చేవాళ్లకు దగ్గరి స్టేషన్ బామ్‌ఫోర్డ్, కానీ అక్కణ్నుంచి నడక మొదలయ్యే చోటు చాలా దూరం. బస్సు ఉందో లేదో ముందే చూడకుండా దిగొద్దు. టాయిలెట్లూ టీ కొట్టూ ఫెయిర్‌హోమ్స్‌లోనే. ఆ తర్వాత చుట్టు పూర్తయ్యే దాకా ఏమీ ఉండవు.

ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి

గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే, నీళ్లు ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండాలి. అంటే పశ్చిమ గట్టు మీదుగా పైకి, తూర్పు గట్టు మీదుగా కిందికి. మూడు కారణాలున్నాయి. పశ్చిమ గట్టు దాదాపు అంతా తారు రోడ్డు, తూర్పుది రాళ్ల బాట. కాళ్లు తాజాగా ఉన్నప్పుడు తారు రోడ్డు మీద వేగంగా దూరం కరిగిపోతుంది. రెండోది, పశ్చిమ గట్టే పొడుగు. పొడుగు ముక్క ముందు అయిపోతే మనసు తేలిక. మూడోది వెలుతురు: పొద్దున తూర్పు ఎండ పశ్చిమ గట్టు మీద పడుతుంది, మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ తూర్పు గట్టు మీద పడుతుంది. ఇంగ్లండ్‌లో ఎండ దొరికినప్పుడు అందులోనే ఉండాలి కదా.

పశ్చిమ గట్టు

పార్కింగ్ నుంచి ఉత్తరంగా రోడ్డు పట్టుకోండి. కాసేపటికే డెర్వెంట్ ఆనకట్ట పడమటి కొస వస్తుంది. 1902లో మొదలుపెట్టి 1916లో పూర్తిచేసిన రాతికట్టడం. రెండు బురుజులతో కోటలా ఉంటుంది. జర్మనీ ఆనకట్టలను కూల్చడానికి 1943లో బయల్దేరిన బ్రిటిష్ వాయుసేన 617 స్క్వాడ్రన్ విమానాలు నీళ్లకు తక్కువ ఎత్తులో ఎగరడం సాధన చేసిన చోట్లలో ఈ జలాశయం ఒకటి. రోడ్డు పక్కన టిప్ అనే గొర్రెలకాపరి కుక్కకు చిన్న స్మారకం ఉంది. 1953–54 చలికాలంలో బీడు కొండల మీద చనిపోయిన యజమాని పక్కన అది 15 వారాలు కాపలా కాసింది.

ఈ గట్టు మీదే బర్చిన్‌లీ అనే చోటు తెలిపే పలక కనిపిస్తుంది. ఆనకట్టలు కట్టిన కూలీలకోసం రేకుల ఇళ్లతో వేసిన ఊరు. అందరూ టిన్ టౌన్ అనేవారు. ఇప్పుడక్కడ మిగిలింది పునాదుల ఆనవాళ్లూ చెట్లూ.

ఈ దారిలో ఓపిక పరీక్ష కూడా ఉంది. ఔజెల్డెన్ వాగు జలాశయంలో కలిసే చోట రోడ్డు నీటిని వదిలి ఎడమకు, లోయలోకి తిరుగుతుంది. మీరు వెళ్లాల్సిన రోడ్డు ఎదురుగా, రాయి విసిరితే అందేంత దూరంలో కనిపిస్తుంటుంది. అయినా వంక చుట్టూ తిరిగి రావాల్సిందే. గట్టు దిగి అడ్డంగా పోదామనుకోవద్దు. నీటి మట్టం తగ్గినప్పుడు అక్కడ తేలే బురద పైకి ఎండినట్టుంటుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. ఇలాంటి వంకే హౌడెన్ దగ్గర, వెస్ట్‌ఎండ్ నది కలిసే చోట ఇంకోటి ఉంది, అది మరీ పొడుగు.

ఈ రెండు వంకల మధ్య హౌడెన్ ఆనకట్ట (1901–1912) వస్తుంది. వెనక్కి తిరగాలంటే నిర్ణయం తీసుకోవాల్సింది ఇక్కడే. ఇక్కడికి చేరడానికి గంటన్నర దాటిందా, పిల్లలు ఎత్తుకోమంటున్నారా, ఆకాశం నల్లబడిందా, అయితే తిరిగిపోండి. ఇంకా ముందుకెళ్లి కింగ్స్ ట్రీ దగ్గర ఆలోచిస్తే లాభం లేదు. అక్కడికి సగం చుట్టు అయిపోతుంది, ముందుకు పోయినా వెనక్కి వచ్చినా దాదాపు అంతే దూరం. లేడీబవర్ ప్రారంభానికి 1945లో వచ్చిన ఆరో జార్జి రాజు నాటిన చెట్టు అది. తారు రోడ్డు అక్కడితో ముగుస్తుంది. వారాంతాల్లో, బ్యాంక్ హాలిడేల్లో ఫెయిర్‌హోమ్స్ దాటి కార్లను సాధారణంగా రానివ్వరు కాబట్టి, ఎవరినో కారు తెచ్చి ఎక్కించుకోమందామన్న ఆశ పెట్టుకోవద్దు.

స్లిప్పరీ స్టోన్స్

గేటు దాటి అడవి బాటలో నడిస్తే జలాశయం క్రమంగా సన్నబడి నది అవుతుంది. బాట చీలిన చోట నీటికి దగ్గరగా ఉన్నదే పట్టండి. కొద్దిసేపటికి ఇరుకైన పాత రాతి వంతెన. మూటలు మోసే గుర్రాల కోసం కట్టింది. నిజానికి ఇది ఇక్కడిది కాదు. లేడీబవర్ కింద మునిగిన డెర్వెంట్ గ్రామంలోది. రాళ్లకు నంబర్లు వేసి విప్పి, దాచిపెట్టి, 1959లో ఇక్కడ మళ్లీ పేర్చారు.

దాటగానే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఎదురుగా కొండెక్కే బాట కట్ గేట్, అది పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకున్న) నేల మీదుగా లాంగ్‌సెట్ అనే వేరే ఊరికి పోతుంది. మీరు కుడికి తిరగాలి. నీళ్లు కుడిచేతికి వచ్చాయో లేదో చూసుకుంటే చాలు. తిండికి ఇదే మంచి చోటు. చల్లారినా రుచి చెడని పులిహోర లాంటిది తెచ్చుకోండి, చల్లారిన ఉప్మా ఈ గాలికి రాయవుతుంది.

తూర్పు గట్టు

ఇక్కణ్నుంచి వెడల్పాటి రాళ్ల బాట, అడవి అంచునే. చెట్లు నరికే పని జరుగుతుంటే దారి మళ్లించే బోర్డులు పెడతారు. మనుషులు కనిపించకపోయినా పాటించండి, కొండ పైనుంచి దుంగలు దొర్లుతాయి. సైకిళ్లు వెనక నుంచి చప్పుడు లేకుండా వస్తాయి, పిల్లల్ని ఒకే పక్కన నడిపించండి. గేట్లు ఎలా ఉన్నవి అలాగే వదలాలి: మూసున్నది మూయాలి, తెరిచున్నది తెరిచే ఉంచాలి. గొర్రెలుంటాయి.

చివరికి బాట డెర్వెంట్ ఆనకట్ట పాదానికి దిగుతుంది. గేట్లు లేని ఆనకట్ట ఇది, నిండితే అలుగు పారాల్సిందే. చలికాలపు వానల తర్వాత వస్తే రెండు బురుజుల మధ్య గోడంతా తెల్లటి తెర జారినట్టు నీళ్లు దూకుతుంటాయి. వేసవి చివర వస్తే ఎండిన రాతిగోడే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు 16 కి.మీ. ఎక్కువనుకుంటే, ఫెయిర్‌హోమ్స్ నుంచి ఇక్కడిదాకా వచ్చి చూసి వెళ్లినా సరిపోతుంది, పది పదిహేను నిమిషాల నడకే.

సరంజామా, జాగ్రత్తలు

తడిస్తే త్వరగా ఆరని జీన్స్ వద్దు. వాన కోటు, పట్టున్న బూట్లు, మనిషికి లీటరున్నర నీళ్లు, ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎల్1 డార్క్ పీక్ మ్యాపు. ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. నడకకు ఆగడాలతో కలిపి ఐదు గంటలు పెట్టుకోండి. డిసెంబరులో నాలుగు లోపే సూర్యుడు కుంగిపోతాడు, తొమ్మిదికి బయల్దేరకపోతే టార్చి తప్పనిసరి. మడమ దగ్గర ఎర్రబడగానే ఆగి ప్లాస్టర్ వేయండి, బొబ్బ లేచాక వేస్తే ఉపయోగం తక్కువ.

జలాశయాల్లో ఈదడం నిషిద్ధం. జూలైలో కూడా లోపలి నీరు ఒక్కసారిగా ఊపిరి బిగపట్టేంత చల్లగా ఉంటుంది, మంచి ఈతగాళ్లకే చేతులు ఆడవు. మంట, బార్బెక్యూ పెట్టొద్దు. పీట్ నేల అంటుకుంటే లోలోపలే కాలుతుంది. ప్రమాదమైతే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, వాళ్లకు మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. మాట అందని చోట 999కి మెసేజ్ పంపొచ్చు, కానీ అందుకు ముందే 'రిజిస్టర్' అని ఇంగ్లిషులో పంపి నమోదు చేసుకుని ఉండాలి.

వసంతం నుంచి శరత్తు దాకా ఫెర్న్ పొదల్లో పిడుదులుంటాయి, ఇక్కడ వాటిని టిక్‌లంటారు. కారెక్కే ముందు మోకాళ్ల వెనక, నడుం పట్టీ కింద, పిల్లల జుట్టు మొదట్లో చూడండి. గసగస గింజంత నల్లచుక్క కాళ్లతో పట్టుకుని ఉంటే, సన్నని మూతి పటకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. నూనె పోయడం, అగ్గిపుల్ల చూపించడం వద్దు, అవి చేస్తే అది కడుపులోది రక్తంలోకి కక్కుతుంది. కుట్టిన చోటు, తేదీ రాసిపెట్టుకోండి. తర్వాతి కొన్ని వారాల్లో కుట్టిన చోట ఎర్ర వలయం పాకితే జీపీ (మీ స్థానిక డాక్టరు) దగ్గరికి వెళ్లి, టిక్ కుట్టిందని ముందే చెప్పండి.