మృగశిర రాకముందే ఆ సంచులు విప్పండి

రోహిణి ఎండలు అయిపోవస్తున్నాయి. జూన్ రెండో వారానికి మృగశిర కార్తె, ఆ వెనకే వానలు. చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలో, పూడిక మట్టి కుప్పల్లో పాత నాణేలు, ఇత్తడి చెంబులు, ఇనుప ముక్కలు ఏరుకునే నాలాంటి వాళ్లకు చేతిలో ఉన్నది ఈ పది పదిహేను రోజులే. ఎండాకాలమంతా తెచ్చి పోగేసిన సామానే వానాకాలంలో ఎలుకలకు ఇల్లవుతుంది.

మాది హన్మకొండలో గూనపెంకుల ఇల్లు. నిరుడు ముసురు పట్టిన రోజుల్లో వెనక అర్రలో ఉన్న ఇత్తడి బిందెను పక్కకు వంచాను. లోపల గోనె పీచు, నమిలిన కాగితాలు, వడ్ల పొట్టు కలిపి గుండ్రంగా చేసిన గూడు. అందులో కళ్లు తెరవని ఆరు ఎలుక పిల్లలు, ఒక్కొక్కటి వేలి కణుపంత. గూడు తీస్తే అడుగున 1943 నాటి చిల్లు పైసా. నేను ఎంతో ఇష్టంగా దాచుకున్నది, మూత్రానికి నల్లబడి ఉంది. రెండు రోజులకు అదే అర్రలో సంచి మడతల్లో కట్లపాము కనబడింది. అమ్మ ఆ రోజు ఒకటే మాట అంది: "ముందు బియ్యం కాపాడు బిడ్డా, బంగారం సంగతి తర్వాత చూద్దాం."

అందుకే మొదటి పని, సామాను నేల మీద నుంచి లేపడం. గోనె సంచులు, అట్టపెట్టెలు వద్దు. మూత ఉన్న రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డ్రమ్ములు మేలు. గోడకు జానెడు ఎడం వదిలి ఇటుకల మీద పెట్టండి. గోడకు ఆనిస్తే చెదలు మట్టి బాటలు కట్టుకుంటూ వచ్చేస్తాయి. పాత తలుపు చెక్కలు, మంచం కోళ్లు తెచ్చుకునేవాళ్లు నాలుగు రోజులు ఎండలో పెట్టి, సందుల్లో నల్లులు ఉన్నాయేమో చూశాకే లోపలికి తేవాలి. పాత టైర్లు, పగిలిన కుండలు బయట వదిలేస్తే వాన నీళ్లు నిలుస్తాయి. డెంగీ దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి వారానికోసారి బోర్లించాలి.

బొటనవేలు పట్టే కన్నంలోంచి ఎలుక దర్జాగా లోపలికి వస్తుంది. గుడ్డలు కుక్కితే కొరికేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూస్తే ఆగుతుంది. తూము గొట్టాలకు ఇనుప జాలీ కొట్టించండి. బోనులో ఎండు చేప ముక్క పెడితే బాగా పడుతున్నాయని నా అనుభవం.

మందు విషయంలో మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను. గోదాముల్లో ధాన్యానికి పెట్టే గోళీలను కొందరు ఇంట్లో ఎలుకల కోసం తెచ్చుకుంటారు. ఆ గోళీకి గాలిలోని తేమ తగిలితే చాలు, విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. తలుపులు మూసి పడుకున్న ఇంట్లో అది ఎలుకకూ పిల్లవాడికీ తేడా చూడదు. పసుపు భాస్వరం పేస్టు కూడా అంతే ప్రమాదం, దానికీ విరుగుడు లేదు. రెండింటినీ గడప దాటనివ్వకండి.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కళ్ల రెప్పలు వాలిపోతుంటే అనుమానించి వెంటనే 108కి ఫోన్ చేయండి. కోయడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం వద్దు. మంచం, దోమతెర అంచులు పరుపు కింద దోపుకోవడం, చేతిలో టార్చి: వానాకాలంలో ఈ మూడూ తప్పనిసరి.

ఇక చెరువు సంగతి. పూడిక తీసినచోట నిలువెత్తు గుంతలు ఉంటాయి. ఎండాకాలంలో మనం దిగి తిరిగిన చోటే కదా అనిపిస్తుంది, కానీ ఒక్క గట్టి వాన పడితే అన్నీ ఒకే నీటి కింద సమానంగా కనబడతాయి. మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, దుంకుతున్నప్పుడు దాని దగ్గరికే పోవద్దు. పాడుబడ్డ బావిలోకి ఎంత ఆశ పుట్టినా దిగకండి. అడుగున గాలి ఆడక, విషవాయువు నిండి ఉంటుంది. ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవారూ పడిపోతారు. బురదలో చేయి పెట్టేటప్పుడు బూట్లు, గట్టి చేతొడుగులు ఉండాలి, ధనుర్వాతం టీకా ముందే వేయించుకోవాలి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు చిన్న గాయానికి తగిలినా జబ్బు వస్తుంది. వారం పది రోజులకు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే డాక్టరుతో బురదలో తిరిగిన విషయం మొదటే చెప్పండి.

2024 నవంబరులో పూడిక తీయడానికి వరంగల్ భద్రకాళి చెరువు నీళ్లు వదిలినప్పుడు నేను కట్ట మీద చాలాసేపు నిలబడ్డాను. కాకతీయుల నాటి నేల అది, అడుగున లంకెబిందెలు ఉండవా అని ఎవరికి అనిపించదు? నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. 1622లో ఫ్లోరిడా దగ్గర మునిగిన అటోచా ఓడ కోసం మెల్ ఫిషర్ అనే అమెరికా నిధి వేటగాడు పదహారేళ్లు వెతికి 1985లో నిధి కనుగొన్నాడు. ఆ కథ చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. కానీ అదే వెతుకులాటలో 1975లో పడవ తిరగబడి ఆయన కొడుకు, కోడలు, ఇంకో మనిషి చనిపోయారు. నీళ్లలోకి దిగాలనిపించినప్పుడు నాకు గుర్తొచ్చేది వాళ్లే.

ఎప్పుడైనా నిజంగా ఏదైనా దొరికితే దాచుకోవద్దు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. పాత గుళ్ల దగ్గర, కోట గోడల దగ్గర గడ్డపార పట్టడం నేరం మాత్రమే కాదు, మన పెద్దలు కట్టినదాన్ని మనమే కూల్చడం.

మా ఇంట్లో ఇంకా మూడు సంచులు విప్పలేదు. ఈ ఆదివారం ఎండ బాగా ఎక్కాక వాకిట్లోకి ఈడ్చి, పొడవాటి కర్రతో కొట్టి, కాసేపు ఆగి ఒక్కొక్కటే విప్పుతాను.