న్యూరాలజీ డాక్టరు పేపర్ల లెక్క: తిరుపతిలో ఫైలు తయారుచేసేవాళ్లకు

ప్రమోషన్‌కో, గ్రాంటుకో డాక్టరు పరిశోధన వివరాలు కూర్చేటప్పుడు చాలామంది నేరుగా ఎచ్-ఇండెక్స్ (పేపర్లనూ వాటి సైటేషన్లనూ కలిపి చూపే అంకె) దగ్గరికి పరుగెత్తుతారు. ముందు జాబితా తేల్చండి. జాబితాలో తప్పుంటే దాని నుంచి తీసిన ప్రతి అంకె తప్పే.

మన దగ్గర చిక్కంతా పేరుతోనే. వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో 'రెడ్డి' అని వెతికితే వేలకొద్దీ పేపర్లు వచ్చిపడతాయి. అదే డాక్టరు ఇంకో పేపర్లో ఇంటిపేరును పొడి అక్షరం చేసి, సొంత పేరును చివర రాసుకుని ఉంటే అది అసలు కనబడదు. అందుకే ఇప్పటిదాకా వాడిన పేరు రూపాలన్నీ డాక్టరునే అడిగి రాసుకోండి. 'వెంకటేశ్వర్లు'లో 'శ'కు ఇంగ్లీషులో ఒక చోట ఎస్, ఒక చోట ఎస్‌హెచ్ పడి ఉంటుంది. 'తిరుపతి' చివర కూడా అంతే, కొన్నిట్లో టీ, కొన్నిట్లో టీహెచ్. ప్రతి పేరు రూపాన్నీ ఊరి పేరు రెండు స్పెల్లింగులతోనూ కలిపి వెతకాలి.

సంస్థ పేరు దగ్గర ఇంకా జాగ్రత్త. స్విమ్స్ (వైద్య విజ్ఞాన సంస్థ), ఎస్వీ మెడికల్ కాలేజీ, ఎస్వీ యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ నాలుగూ 'శ్రీ వేంకటేశ్వర'తోనే మొదలవుతాయి. ఒకరి పేపరు ఇంకొకరి ఖాతాలోకి పోవడానికి ఇది చాలు. స్విమ్స్ సొంత పత్రిక 'జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రీసెర్చ్'లో వచ్చినవాటిని ఆ పత్రిక వెబ్‌సైటులోనే విడిగా చూడండి.

దొరికిన ప్రతి పేపరుకూ ఎక్సెల్‌లో ఒక వరుస. ఏడాది, శీర్షిక, పత్రిక, డీఓఐ (పేపరుకు ఇంటర్నెట్‌లో ఉండే శాశ్వత గుర్తింపు నంబరు), పబ్‌మెడ్ నంబరు, పేపరు రకం, మొత్తం రచయితలు, వారిలో డాక్టరు స్థానం, కరెస్పాండింగ్ రచయితా (పేపరు గురించి పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు) కాదా, ఇవి ఉంటే చాలు. రకం గడి చాలా ముఖ్యం. కాన్ఫరెన్సులో చదివిన అబ్‌స్ట్రాక్టు పత్రిక అనుబంధంలో వస్తుంది, తర్వాత అదే పని పూర్తి పేపరుగా వస్తుంది. రెండూ లెక్కేస్తే ఒకే పనిని రెండుసార్లు చూపినట్టు. పత్రిక సమీక్షకు ముందే ఇంటర్నెట్‌లో పెట్టే ప్రీప్రింట్ల సంగతీ అంతే. పెద్ద స్ట్రోక్ ట్రయల్స్‌లో డాక్టరు పేరు రచయితల వరుసలో ఉందో, చివరన సహకరించినవాళ్ల (కొలాబరేటర్ల) పట్టికలో ఉందో చూసి, రెండోదైతే వేరే విభాగంలో పెట్టండి.

ఆ తర్వాత ఆర్కిడ్, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు నంబరు. 16 అంకెల ఈ నంబరు ఉచితం. పేపర్లూ సైటేషన్లూ లెక్కపెట్టే స్కోపస్ డేటాబేసులో ఒకే మనిషికి రెండు మూడు ప్రొఫైళ్లుంటే కలపమని అక్కడే కోరవచ్చు. గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లను దానంతట అదే చేర్చుకునే సెట్టింగు తీసేసి, ముందు మెయిల్‌లో అడిగేలా పెట్టండి. లేదంటే అదే పేరున్న ఇంకొకరి పేపర్లు వచ్చి చేరతాయి.

ఇప్పుడు అంకెలు. ఎచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. పేపర్లను సైటేషన్లు ఎక్కువున్నదాని నుంచి వరుసగా పేర్చి, వరుస నంబరుకు తగ్గకుండా సైటేషన్లున్న చివరి పేపరు నంబరు చూడాలి, అదే ఎచ్-ఇండెక్స్. ఎనిమిది పేపర్లకు సైటేషన్లు (ఇతర పేపర్లు వాటిని ఉటంకించిన సార్లు) 40, 22, 15, 9, 6, 5, 3, 0 అనుకోండి. ఐదో పేపరుకు 6 ఉన్నాయి, సరిపోయింది. ఆరోదానికి 5 మాత్రమే, ఒకటి తక్కువ. కాబట్టి ఎచ్-ఇండెక్స్ 5. కనీసం 10 సైటేషన్లున్నవి మూడే కాబట్టి ఐ10 విలువ 3. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ ప్రీప్రింట్లనూ లెక్కేస్తుంది కాబట్టి అక్కడి అంకె సాధారణంగా స్కోపస్ కన్నా పెద్దది. ఏ అంకె పక్కనైనా ఎక్కడినుంచి, ఏ తేదీన తీశారో రాయాల్సిందే. ఇంపాక్ట్ ఫాక్టర్ (పత్రికలోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు) పత్రికది, డాక్టరుది కాదు. దాన్ని మనిషికి కొలతగా పెట్టవద్దని పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే డోరా ప్రకటన స్పష్టంగా చెబుతోంది.

అసలు ప్రభావం ఈ అంకెల్లో కనబడదు. మూర్ఛతో వచ్చినవాళ్ల సీటీలో కనబడే చిన్న ఒంటరి మచ్చను ఒకప్పుడు మన దేశంలో ట్యూబర్‌క్యులోమా (టీబీ గడ్డ) అనుకుని నెలల తరబడి టీబీ మందులిచ్చేవారు. చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ వైద్యులు బయాప్సీలు చేసి, వాటిలో ఎక్కువ భాగం సిస్టిసెర్కస్ (బద్దెపురుగు పిల్ల దశ) వల్ల వచ్చినవేనని చూపించారు. ఎంతోమందికి అక్కర్లేని టీబీ మందులు తప్పాయి. ఫైలులో ఇలాంటి సంగతికి ఒక పేరా ఇవ్వండి: ముందు ఏం చేసేవారు, ఈ పేపరు ఏం తేల్చింది, ఇప్పుడది ఏ మార్గదర్శకంలో, ఏ పేజీలో ఉంది. పేజీ చూపలేని ప్రభావం రాయకండి.

ఫైలు ఇచ్చే ముందు రోజు ప్రతి డీఓఐనీ తెరిచి చూడండి. పత్రిక ఏదైనా పేపరును వెనక్కి తీసుకుని ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేసి, తీసేసిన సంగతి అక్కడే రాయండి. దిద్దుబాటు మాత్రమే వచ్చి ఉంటే పేపరును ఉంచి, దిద్దుబాటు నోటీసు డీఓఐని పక్క గడిలో చేర్చండి.