గోల్ఫ్ లెక్కలు – 3వ పాఠం: హ్యాండీక్యాప్

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం: ఈ హోల్‌లో మొత్తం ఎన్ని షాట్లు? పార్ 4 హోల్, అంటే బాగా ఆడేవాళ్లు నాలుగు షాట్లలో బంతిని గుంటలో వేయాల్సిన హోల్. రెండో షాట్ నీళ్లలో పడింది. రెండు షాట్లు, ఒక పెనాల్టీ, వెరసి మూడు. నాలుగోది గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదికి చేరింది, ఆపైన రెండు పట్‌లు (గుంటలోకి దొర్లించే షాట్లు). మొత్తం 6, అంటే పార్ కంటే రెండు ఎక్కువ, డబుల్ బోగీ. పెనాల్టీ మరిచిపోయి 5 అన్నవాళ్లు బెంగపడకండి, మొదట్లో నేనూ అంతే.

చిన్నప్పుడు మా రావులపాలెంలో పెద్దపిల్లల ఆటలోకి చిన్నోణ్ని 'ఆటలో అరటిపండు' అని చేర్చుకునేవాళ్లు. వాడు అవుటైనా అవుటు కాదు, గెలిచినా లెక్కలోకి రాదు. అరటి గెలల ఊరు కదా, ఆ పళ్లకు మాకు లోటు లేదు! హ్యాండీక్యాప్ కూడా అలాంటి జాలే అనుకుంటారు చాలామంది. కానే కాదండీ. మీ స్కోరులోంచి ఎన్ని షాట్లు తగ్గించాలో ముందే కొలిచి ఇస్తారు. ఆ తర్వాత గెలిస్తే గెలిచినట్టే.

కొలత ఇలా. 2020 నుంచి అమల్లో ఉన్న వరల్డ్ హ్యాండీక్యాప్ సిస్టమ్‌లో మీ చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 మాత్రమే తీసి, వాటి తేడాలకు (కోర్సు కష్టాన్ని బట్టి సర్దిన అంకెలు, స్కోర్లు కావు) సగటు కడతారు. దాన్నే హ్యాండీక్యాప్ ఇండెక్స్ అంటారు. అంటే మీరు మామూలుగా ఎలా ఆడతారో కాదు, చెయ్యి తిరిగిన రోజు ఎలా ఆడగలరో చెప్పే అంకె అది. అందుకే చాలా రోజులు దాన్ని అందుకోలేం. గరిష్ఠం 54. కొత్తవాళ్లు 54 హోల్స్ ఆడిన కార్డులిస్తే ఇండెక్స్ మొదలవుతుంది.

ఇండెక్స్ మీది, కోర్సు వేరేవాళ్లది. కాబట్టి ఇండెక్స్‌ని ఆ కోర్సు స్లోప్‌తో (మామూలు ఆటగాళ్లకి అది ఎంత కష్టమో చెప్పే అంకె) గుణించి 113తో (ప్రామాణిక స్లోప్) భాగించి, కోర్సు రేటింగ్‌లోంచి (ఆరితేరినవాళ్లు అక్కడ కొట్టే స్కోరు అంచనా) కోర్సు మొత్తం పార్ తీసేసి వచ్చింది కలపాలి. నా ఇండెక్స్ 20.4, స్లోప్ 124, రేటింగ్ 71.2, పార్ 72 అనుకుందాం. 22.4లోంచి 0.8 పోతే 21.6. దగ్గరి అంకె 22. ఆ కోర్సులో నాకు దక్కే షాట్ల తగ్గింపు అది.

ఈ 22 ఎక్కడ వాడాలి? కార్డు మీద పార్ పక్కన స్ట్రోక్ ఇండెక్స్ అని, హోల్స్‌కి 1 నుంచి 18 దాకా ఇచ్చిన అంకెల వరస ఒకటి ఉంటుంది; తగ్గింపు షాట్లు ఏ హోల్స్‌కి ముందు ఇవ్వాలో అది చెబుతుంది. 18 హోల్స్‌కీ పెన్సిల్‌తో తలా ఒక చుక్క పెట్టండి; ఒక్కో చుక్క ఒక షాట్ తగ్గింపు. మిగిలిన నాలుగూ స్ట్రోక్ ఇండెక్స్ 1 నుంచి 4 వరకు ఉన్న హోల్స్‌కి రెండో చుక్క. నీళ్లలో పడ్డ ఆ హోల్ స్ట్రోక్ ఇండెక్స్ 3 అనుకోండి. రెండు చుక్కలు. 6లోంచి 2 పోతే 4. తగ్గింపు పోగా పార్, అంటే నెట్ పార్!

ఇంకొక్క మాట. ఆ హోల్‌లో 11 కొట్టినా హ్యాండీక్యాప్ లెక్కకు పార్ 4, మరో 2, చుక్కలు 2, కలిపి 8 మించి ఎక్కదు. ఒక్క హోల్‌తో రౌండంతా కొట్టుకుపోకుండా, కావాలని చెడగొట్టి హ్యాండీక్యాప్ పెంచుకునే ఘటాలకు పగ్గం వేయడానికీ ఈ హద్దు.

వచ్చే పాఠానికి లెక్క: విశాఖలో ఉండే మా అల్లుడికి అదే కోర్సులో 9 షాట్ల తగ్గింపు వస్తుంది. తను 84 కొట్టాడు, నేను 96. ఓడినవాళ్లే ఇవ్వాలంటే, ఆ పూట టిఫిన్ డబ్బులు ఎవరివి?