ఫేస్ జెల్‌లో కాస్టిక్ సోడా: ఎంత వేయాలి, ఎక్కడ ఆపాలి

క్రీము ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో ‘సోడియం హైడ్రాక్సైడ్’ అని కనబడగానే చాలామందికి గుండె గుభేలుమంటుంది. అది కాస్టిక్ సోడాయే. పూడుకుపోయిన సింకు గొట్టంలో పోసేదీ, సబ్బు తయారీకి వాడేదీ అదే. అయితే క్రీములో వేసేది అతి కొద్దిగా. వేసింది వేసినట్టు ఉండదు కూడా; అందులోని ఆమ్లంతో కలిసి లవణంగా, నీరుగా మారిపోతుంది. కనుక పేరు చూసి కాదు, తయారైన సరుకు పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె; 7కు కింద ఆమ్లం, పైన క్షారం) చూసి తేల్చుకోవాలి. ముఖచర్మం పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5. రోజూ రుద్దుకునే మామూలు సబ్బుది 9 నుంచి 10. 5.5 దగ్గర నిలిపిన జెల్ కన్నా ఆ సబ్బే చర్మానికి ఎక్కువ క్షారం.

మరి వేయడమెందుకు? చర్మం పైపొరను ఊడ్చడానికి వాడే గ్లైకోలిక్ ఆమ్లం 10 శాతం కలిపిన నీళ్లను ఏమీ సర్దకుండా వదిలేస్తే పీహెచ్ 2 లోపే ఉంటుంది, ముఖం మండిపోతుంది. దాన్ని 3.5–4కి తేవాలంటే క్షారం కావాలి. జెల్‌ను చిక్కబరిచే పొడి కార్బోమర్ సంగతి ఇంకోటి: అది నీళ్లలో పుల్లగా, పల్చగా పడి ఉంటుంది. క్షారం తగిలితేనే దాని పోగులు విచ్చుకుని నీళ్లు జెల్‌గా బిగుస్తాయి.

వంట సోడాతో పని కాదా అని అడుగుతారు. కాదు. నిమ్మరసంలో సోడా కలిపి ముఖానికి రాసే ఇంటి చిట్కానే చూడండి. పొదలకూరు నిమ్మకాయల రసం మూడు చెంచాలు, అంటే 15 గ్రాములు తీసుకుంటే అందులో సిట్రిక్ ఆమ్లం ముప్పాతిక గ్రాము పైచిలుకు. దాన్ని విరచడానికి గ్రాము సోడా చాలు. ఇంట్లో వేసేది చెంచాడు, సుమారు 5 గ్రాములు. మిగిలిన సోడా పీహెచ్‌ను 8 దాటిస్తుంది. సోడా తగ్గిస్తే పులుపు మిగులుతుంది, నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే నల్లమచ్చలు లేస్తాయి. జెల్‌లో వేస్తే పొంగిన గాలి బుడగలు లోపలే ఇరుక్కుంటాయి, మూత బిగిస్తే సీసా ఉబ్బుతుంది.

ముందు ద్రావణం

పొడి కాస్టిక్‌ను జెల్‌లో నేరుగా ఎప్పుడూ వేయకండి. పడిన చోట చిక్కటి క్షారం ముద్దగా నిలుస్తుంది. 10 శాతం ద్రావణం చేసి పెట్టుకోండి: 90 గ్రాముల డిస్టిల్డ్ వాటర్, 10 గ్రాముల కాస్టిక్. నీళ్లలోకే కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి; కాస్టిక్ మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కలిపేటప్పుడు వేడి దాదాపు 25 డిగ్రీలు పెరుగుతుంది. మే నెలలో నెల్లూరులో గది నీళ్లే 35 డిగ్రీలుంటాయి గనక చేయి పెట్టలేనంత కాగుతుంది. ఫ్రిజ్‌లో చల్లబరచిన నీళ్లు వాడండి. గిన్నె పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ది గాని స్టీలుది గాని కావాలి. అల్యూమినియం వద్దు, కాస్టిక్ దాన్ని తినేసి మండే హైడ్రోజన్ వాయువు వదులుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

కాస్టిక్ గాలిలోని తేమను లాక్కుంటుంది. కార్తీక మాసపు వానల్లో సముద్రం పక్క ఊళ్లలో డబ్బా మూత తీసి పది నిమిషాలుంచితే రేకులు చెమర్చి జిగటగా అంటుకుంటాయి. అలాంటిది 10 గ్రాములు తూచితే అందులో నీళ్ల బరువు కలిసే ఉంటుంది, ద్రావణం పలచబడుతుంది. పొడిగా గలగలలాడేదే తూచండి.

200 గ్రాముల జెల్

డిస్టిల్డ్ వాటర్ 187 గ్రాములు, కార్బోమర్ (940 రకం) ఒక గ్రాము, గ్లిజరిన్ 6 గ్రాములు, జెల్ చెడిపోకుండా ఆపే ఫినాక్సీఇథనాల్ 2 గ్రాములు. మిగతా 4 గ్రాముల చోటు ద్రావణానికి. కాటా 0.01 గ్రాము చూపాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లతో ఇది చేయకండి. వాటిలోని కాల్షియం, ఉప్పు కార్బోమర్‌ను బిగుసుకోనివ్వవు, జెల్ చారులా జారుతుంది. క్యాను నీళ్ల మీదా నమ్మకం పెట్టుకోకండి.

కార్బోమర్‌ను నీళ్ల మీద జల్లెడతో చల్లి కదపకుండా రాత్రంతా వదిలేయండి. ఒకేసారి కుమ్మరిస్తే సంగటి ఉండకట్టినట్టు పైన తడిసి లోపల పొడిగా ఉండలు మిగులుతాయి. తెల్లారి గ్లిజరిన్, ఫినాక్సీఇథనాల్ కలపండి.

ఇప్పుడు 10 శాతం ద్రావణం 2 గ్రాములు తూచి, గరిటెతో నెమ్మదిగా తిప్పుతూ పోయండి. కాసేపటికే చిక్కబడుతుంది. మిక్సీ పెట్టకండి, గాలి చిక్కుకుంటుంది. పీహెచ్ చూసి, తర్వాత 0.2 గ్రాముల చొప్పున పెంచుతూ 5.5–6 దగ్గర ఆపండి. గ్రాము కార్బోమర్‌ను పూర్తిగా విరచడానికి సుమారు 0.4 గ్రాముల కాస్టిక్, అంటే ద్రావణం 4 గ్రాములు పడుతుంది. మనకు అంత అవసరం రాదు. మిగిలిన బరువుకు నీళ్లు పోసి 200 చేయండి.

తొందరపడేది ఇక్కడే. 6 వరకు పీహెచ్ మెల్లగా కదులుతుంది, 7 దాటాక నాలుగు చుక్కలకే 9 మీదికి దూకుతుంది. సిట్రిక్ ఆమ్లం వేసి వెనక్కి లాగవచ్చు, కానీ అక్కడ పుట్టే లవణం జెల్‌ను పలచన చేస్తుంది. కొలత తప్పిన జెల్‌ను బాగుచేయడం కన్నా పారబోసి మళ్లీ చేయడం చవక.

పీహెచ్ పట్టీలైతే 0.5 తేడా చూపే రకం కావాలి. 1 నుంచి 14 చూపే చౌక రకం ఇక్కడ పనికిరాదు. మీటరైతే పీహెచ్ 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేసుకుని, ఒక వంతు జెల్‌ను తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి చూడండి. చిక్కటి జెల్‌లో ముంచితే ఎలక్ట్రోడు తప్పు చెబుతుంది. 24 గంటల తర్వాత మరోసారి చూడండి.

ఫినాక్సీఇథనాల్ బదులు సోడియం బెంజోయేట్ వేద్దామనుకుంటే పీహెచ్ దానికి లొంగాలి. బూజును ఆపే రూపంలో అది పీహెచ్ 4.5 దగ్గర మూడో వంతు ఉంటుంది, 5కు 14 శాతం, 6కు శాతంన్నర. పైగా అదీ లవణమే, కార్బోమర్‌ను పలచబరుస్తుంది. కాస్టిక్ బదులు వాడే మరో క్షారం ట్రైఇథనాలమైన్ చేతికి కాస్త సుకుమారం, కార్బోమర్ బరువుకు ఒకటిన్నర రెట్లు పడుతుంది. కడగకుండా ఉంచుకునే సరుకులో యూరప్ నిబంధన 2.5 శాతం మించనివ్వదు.

ద్రావణం చర్మం మీద పడితే 15–20 నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. నిమ్మకాయ పిండకండి, వినిగర్ పోయకండి. ఆమ్లం తగిలితే మరింత వేడి పుడుతుంది. కంట్లో పడితే అలాగే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరండి. మిగిలిన ద్రావణం హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ సీసాలో, పేరూ తేదీ రాసి, పిల్లలకందని చోట తాళం వేసి ఉంచాలి. పాత నీళ్ల బాటిల్‌లో పోయకండి. అమ్మకానికి చేస్తే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు తీసుకోవాలి. చెమట పట్టిన మొహానికి రాసుకుంటే జెల్ ఒక్కసారిగా నీరైపోతుంది. చెమటలోని ఉప్పు కార్బోమర్‌కు తగలడం వల్ల అలా జరుగుతుంది, జెల్ చెడిపోయిందని పారబోయనక్కర్లేదు.